కాజీపేట కాడి బండిని విన్న మా చెల్లె

మొన్న పైనింటి అమ్మాయి నాలుగు నెలల పాపను భుజాన వేసుకొని, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకొని మెట్లు దిగొచ్చింది.

"ఆంటీ, పాపకి ఏ మ్యూజిక్ పెడితే మంచిదంటారు?"

ఆ ఫోన్లో వాన చప్పుడుంది, సముద్రముంది, పియానో ఉంది, శ్లోకాలున్నాయి. తల్లి గుండె చప్పుడని కూడా ఒకటుంది. ఆ పాప అప్పుడు తల్లి గుండెకు ఆనుకునే ఉంది, అది వేరే సంగతి. ఏది వింటే నిద్ర పడుతుందో, ఏది వింటే బుర్ర పెరుగుతుందో పక్కనే రాసి ఉందట. మా అపార్ట్‌మెంట్లో నాకు అన్నీ తెలుసని ఒక పేరుంది. ఆ పేరు పుట్టించింది నేనే కాబట్టి దాన్ని కాపాడుకోవలసిన బాధ్యత కూడా నాదే. టక్కున ఏదో ఒకటి చెప్పేదాన్ని. కాని ఆ అమ్మాయి వాన చప్పుడు మీద వేలు పెట్టింది. ఫోన్లో వాన కురుస్తుంటే నాకు ఎక్కడినుంచో తడిసిన బొగ్గు వాసన వచ్చింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. లాలాగూడలో రైల్వే క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా. వరండా అవతల గోడ, గోడ అవతల పట్టాలు. పొద్దున లేస్తే కిటికీ చువ్వల మీద కాటుకలా నల్లటి పొడి ఉండేది. దాన్ని వేలికి రాసుకొని మీసాలు దిద్దుకుని తన్నులు తినడంతో నాకు తెల్లారేది.

మా కాలనీలో మాట్లాడటానికి ఒక పద్ధతి ఉండేది. బండి వస్తే నోరు ఆపాలి. ఎవరూ నేర్పలేదు, ఎక్కడా రాసిలేదు. ఎంత అరిచినా బండి ముందు వినపడదని ఎన్నో ఏళ్లుగా అరిచి అరిచి తెలుసుకున్న జనం. కూర బేరం చేస్తున్నా, దండం పెట్టుకుంటున్నా, కొట్లాడుతున్నా సరే, ఇంజన్ రాగానే ఎక్కడి మాట అక్కడ ఆపి, సగం తెరిచిన నోటితో నిలబడేవాళ్లు. చివరి డబ్బా దాటగానే ఆపిన అక్షరం నుంచి మళ్లీ షురూ. నల్లా దగ్గర "నీ ఇల్లు కూ" అని ఆగిన తిట్టు, నిండు గూడ్సు పోయినంక "ల!" అని పూర్తయ్యేది. తిట్టు తినాల్సినామె కూడా బిందె చంకలో పెట్టుకొని, మిగతా సగం కోసం ఓపిగ్గా నిలబడి ఉండేది. ఒక పెళ్లిలో తాళి కట్టే సమయానికి రెండు గూడ్సులు ఎదురెదురుగా వచ్చి, పెళ్లికొడుకు చేతులు గాల్లోనే ఉండిపోయాయి. నేను స్కూల్లో చెప్పినప్పుడు అవి నాలుగు గూడ్సులు, పెళ్లికొడుక్కి గడ్డం కూడా పెరిగింది.

గప్పాలు కొట్టడం నాకు పుట్టుకతో వచ్చింది. మా నాయనమ్మ అనేది, "దీని మాటలల్ల పావు తీస్కొని ముప్పావు ఇడ్సిపెట్టాలె. ఆ పావుల సుత జెర జల్లెడ పట్టాలె" అని.

నాయనమ్మది భువనగిరి దిక్కు. అమ్మమ్మది కృష్ణ ఒడ్డు. తాతయ్య రైలు గార్డుగా ఇటు బదిలీ అయితే వచ్చి, రెండు వీధుల అవతలి క్వార్టర్లో ఉండేది. రైలు కలిపిన సంబంధం మా అమ్మా బాపులది. బాపు రైల్వే కార్ఖానాలో వడ్రంగి. రైలు డబ్బాల కిటికీలు, బెంచీలు చేసేవాడు. సాయంత్రం ఆయన చొక్కా విప్పితే జేబుల్లోంచి టేకు తునకలు రాలేవి. వాటి వాసన నాకు ఇప్పటికీ ఆదివారం వాసన. ఆదివారం ఆయనకు సెలవు కాబట్టి ఆ వాసన ఉండకూడదు, కాని జ్ఞాపకాలకు హాజరు పట్టీ ఉండదు కదా.

చెల్లె పుట్టాక అమ్మమ్మ పురుడు పొయ్యడానికి మా ఇంటికొచ్చింది. పురుడు అయిపోయింది, బాలసార అయిపోయింది, అమ్మమ్మ మాత్రం పోలేదు. "నేను వెళ్లిపోతే పిల్లకి మీ వాళ్ల పాటలే వస్తాయి" అని అమ్మ చెవిలో అంది. నాయనమ్మ వినేలా.

పొద్దున పూట చెల్లెకు నీళ్లు పోయడం ఒక తతంగం. నాయనమ్మ పెరట్లో కాళ్లు బారజాపి కూర్చునేది. పిల్లను పిక్కల మీద బోర్లా వేసుకొని నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండి నలిచి, వేడినీళ్లు చెంబులతో దిమ్మరించేది. తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పొగలో పిల్లను అటూ ఇటూ తిప్పి, వరండాలో బండల మీద పల్చటి దుప్పటి పరిచి పడుకోబెట్టేది. తల కొంచెం తడి, ఒళ్లంతా పొగ వాసన. కొత్తగా దింపిన ఇడ్లీలా ఉండేది.

అక్కడ జరిగింది ఆ వింత. చెల్లెకు ఐదో నెల అప్పుడు. బోర్లా పడి దుప్పటి చప్పరిస్తున్నది ఉన్నట్టుండి ఆపేసింది. తల పైకెత్తింది. పట్టాల దిక్కు చూసి నవ్వింది. మాకేమీ వినపడలేదు. కొంచెం సేపటికి సన్నగా కూత. ఆ తర్వాత బండి.

మర్నాడు మళ్లీ అంతే. ఆ మర్నాడూ అంతే.

"చూసిండ్రా దీని చెవులు!" అని నాయనమ్మ చెంపలు నొక్కుకుంది. "బండి మౌలాలి కాడ ఉండంగనే వింటున్నది పిల్ల!"

ఇంక ఆ మాట నా చేతికి వచ్చింది. నల్లా దాకా పోయేసరికి మౌలాలి ఘట్‌కేసర్ అయింది. స్కూలు గేటు దగ్గర బీబీనగర్. మధ్యాహ్నం గంటకు భువనగిరి. శనివారం వచ్చేసరికి మా చెల్లె కాజీపేటలో బండి కదిలిన చప్పుడు లాలాగూడలో పడుకొని వింటోంది. బండ్లన్నీ ముందుకు పోతాయి, నా నోట్లో పడ్డది మాత్రం వెనక్కి పోయింది. పిల్లలు గుంపులుగా చూడటానికి వచ్చారు. ఊరికే చూడనిస్తానా? ఒక్కొక్కరు గుప్పెడు రేగుపళ్లు ఇస్తే ఎడమ చెవి, రెండు గుప్పెళ్లు ఇస్తే రెండు చెవులూ. ఆ చలికాలం నాకు రేగుపళ్లతో పళ్లు పులిసిపోయాయి.

అయితే ఇంత గొప్ప చెవులున్న పిల్లకు పాటలు మాత్రం నచ్చలేదు.

తొట్టెల్లో వేస్తే చాలు, ఎవరు ఏం పాడినా పట్టించుకునేది కాదు. పాత చీర మడతపెట్టి, గది మధ్యలో ఇనుప కొక్కేనికి కట్టిన తొట్టెల. నాయనమ్మ దాన్ని ఊపుతూ బతుకమ్మ దగ్గర పాడే పాటలు అందుకునేది. ఆమె గొంతు ఎండుమిరపకాయలు దంచినట్టుండేది, ఘాటుగా, తాళం తప్పకుండా. చెల్లె కప్పు వైపు చూస్తూ వేళ్లు చీకేది. అప్పుడు అమ్మమ్మ వచ్చి, పమిట సర్దుకొని, గొంతు సవరించుకొని లాలిపాట ఎత్తుకునేది. అది వెన్న మీద వేలు రాసినట్టు మెత్తగా సాగేది. చెల్లె ఆవలించేది.

"మీ పాటలో పిల్ల ఎక్కడానికీ దిగడానికీ మెట్లే లేవు వదినగారూ. అంతా ఒకటే మైదానం. పసిదానికి విసుగు రాదూ?"

"మీ పాటల అన్నీ మెట్లేనాయె వదినె. ఎక్కి ఎక్కి పోరికి దమ్ము ఒస్తున్నది."

ఇద్దరూ పాపం ఒకరికంటే ఒకరు ఎక్కువ పాడేవాళ్లు. వంటింట్లో ఉలవచారు ఒక పొయ్యి మీద, సర్వపిండి ఇంకో పొయ్యి మీద మాడుతుంటే ఇద్దరూ తొట్టెలకు చెరో పక్క కూర్చొని పాడేవాళ్లు. మాడిన సర్వపిండి మొత్తం నాకే. అందుకని ఆ పోటీ ఆగకూడదని నేను రోజూ దేవుడికి మొక్కేదాన్ని. "అమ్మమ్మా, నిన్న నువ్వు పాడినప్పుడు చెల్లె కాలు ఊపింది" అని ఇటూ, "నాయనమ్మా, నీ పాటకు చెవి కదిలింది" అని అటూ అంటించేదాన్ని.

మా కాక, అంటే బాపు తమ్ముడు, పార్సిల్ ఆఫీసులో పని. ఎక్కడినుంచో ఒక టేప్ రికార్డర్ తెచ్చాడు.

"గా ముసలోళ్ల పాటలు పిల్ల ఎందుకింటది? జెర జరుగుండ్రి" అని దాన్ని తొట్టెల పక్కన స్టూలు మీద పెట్టి, సినిమా పాట, కవ్వాలీ, ఇంగ్లీషు డ్రమ్ములు, ఒకదాని తర్వాత ఒకటి వేశాడు. చెల్లె దాన్నే కళ్లార్పకుండా చూసింది. కాక కాలరు ఎగరేశాడు. కాసేపటికి నాయనమ్మ ఆ డబ్బా మీద పెసరగింజంత ఎర్ర లైటు బుగ్గ వెలుగుతుంటే దాని మీద గుడ్డముక్క కప్పింది. చెల్లె మొహం తిప్పేసుకుంది. పాట మోగుతూనే ఉంది.

"నీ పాట కాదురా, నీ లైటు నచ్చింది" అంది నాయనమ్మ.

ఒకరోజు నాయనమ్మ నన్ను వెంటబెట్టుకొని మోండా మార్కెట్‌కు పోయింది. కొత్తిమీర కట్టలు, తడి గోనె సంచులు, పక్క సందులో కొత్త ఇత్తడి. ఆ వాసనలో నడుస్తుంటే నాకెప్పుడూ ఆకలేసేది. నాయనమ్మ ఇత్తడి దుకాణంలో గజ్జెలు, గంటలు, గిలక్కాయలు అన్నీ తీయించి ఒక్కొక్కటి చెవి దగ్గర పెట్టి ఊపింది.

"గుడికా అమ్మా?" అన్నాడు దుకాణమాయన.

"ఏడు నెల్ల పిల్లకు. మామూలు పిల్ల కాదు, దానికి చప్పుడు ఏరి ఇయ్యాలె."

అన్నిట్లో సన్నటి గజ్జెలు ఏరి కొన్నది. ఇంటికొచ్చి తొట్టెల తాడుకు కట్టింది. చెల్లె వాటి కింద హాయిగా నిద్రపోయింది. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? "కాజీపేట బండి వినే చెవులకు మన చప్పుళ్లు ఆనుతయా?" అనేవాళ్లు. నా గప్పా అప్పటికి ఊరంతా తిరిగి, బాగా బలిసి, మా ఇంట్లోకే నిజమై వచ్చి కూర్చుంది.

అమ్మ మాత్రం పాడేది కాదు. పాలిచ్చేటప్పుడు గుండెకు గట్టిగా హత్తుకొని, నోరు మూసుకొని, లోలోపల ఏదో కూనిరాగం తీసేది. అప్పుడు చెల్లె పాలు తాగడం ఆపి, నోట్లోంచి పాలు కారుతుండగా నవ్వేది. దాన్ని ఎవరూ పాట కింద లెక్కవేయలేదు.

తిరుమలగిరిలో మా అత్తమ్మ, అంటే బాపు అక్క, భోజనానికి పిలిచింది. బస్సు దిగితే పొడుగాటి నీలగిరి చెట్లు, సున్నం కొట్టిన రాళ్లు, దూరంగా మిలట్రీ వాళ్ల గోడలు. అక్కడ నిశ్శబ్దాన్ని కూడా గంజి పెట్టి ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టుండేది. మాట మధ్యలో ఆగాల్సిన అవసరం లేక మావాళ్లకు మాటలు తొందరగా అయిపోయాయి. అత్తమ్మ మక్క గారెలు చేసింది. నేను తొమ్మిది తిన్నాను. సరే, ఆరు.

మామయ్య అప్పటికే వీధి వీధంతా చెప్పుకున్నాడు. ఇరుగుపొరుగు వచ్చి గోడల వెంట కూర్చున్నారు. చెల్లెను నట్టింట్లో చాప మీద పడుకోబెట్టారు. దూరంగా మైదానంలో బ్యాండు సాధన చేస్తున్నారు. మాకే స్పష్టంగా వినపడుతోంది. చెల్లె చాప అంచు నములుతోంది.

"ఆగుండ్రి" అని మామయ్య వంటింట్లోంచి కంచం, గరిటె తెచ్చి, చెల్లె వెనకాల నిలబడి ఒక్కటిచ్చాడు. గుమ్మంలో పడుకున్న కుక్క అరుస్తూ పారిపోయింది. ఒకామె ఒళ్లో పిల్లాడు ఏడుపందుకున్నాడు. మా చెల్లె చాప నములుతూనే ఉంది.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"కొత్త జాగ గదా."

"దిష్టి తగిలిందమ్మా. ఇంతమందిని పిలిస్తే తగలదూ?"

"గీ తిరుమలగిరిల బండే లేకపాయె, పిల్ల ఏం వింటది?" అని నాయనమ్మ ఊరినే తప్పు పట్టింది.

నాకు మాత్రం పరువు పోయినట్టయింది. అలిగి చెల్లె పక్కనే బండల మీద బోర్లా పడుకున్నాను. చెంపకు చల్లగా తగిలింది బండ. ఊరికే చల్లగా. అంతే. అప్పుడనిపించింది, ఈ నేల చచ్చిపోయి ఉందేమిటని. మా ఇంట్లో ఇట్లా పడుకుంటే కాసేపటికి పళ్లు జిల్లుమంటాయి, పొట్టలో తేనెటీగలు తిరుగుతాయి. మా నేల ఎప్పుడూ బతికే ఉంటుంది.

మర్నాడు వరండాలో చెల్లె పక్కన అట్లాగే పడుకున్నాను. ముందు పొట్టలో తేనెటీగలు. వెంటనే చెల్లె తలెత్తింది. ఆ తర్వాతే కూత, ఆ తర్వాతే బండి. మధ్యాహ్నం బండికి దాన్ని ఎత్తి తొట్టెల్లో వేశాను. ఇల్లంతా అదిరింది, గోడ మీది పటం ఊగింది. తొట్టెల్లో చెల్లె బొటనవేలు చూసుకుంటోంది. మళ్లీ కింద వేశాను, తలెత్తింది. రెండు రోజులు, వచ్చిన ప్రతి బండికీ చూశాను. చెల్లె చెవులతో వినడం లేదు. పొట్టతో వింటోంది.

మూడిళ్ల అవతల ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకామె ఉండేది. ఆమె దగ్గరకు పోయి, అలవాటు ప్రకారం కథ మొదలుపెట్టాను. అనగనగా ఒక ఊళ్లో ఒక చిన్నపిల్ల ఉందట, దానికి పాటలు వినపడవట అని. ఆమె జాకెట్టు కుట్టుకుంటూ, సూది ఆపకుండానే అంది:

"అట్లయితే ఆ పిల్లను జల్ది డాక్టరుకు చూపెట్టాలె. చిన్నప్పుడే తెలిస్తే ఏదో ఒక తోవ ఉంటది. ఆలస్యమైతే మాట సుత రాదు. మాట ఇంటెనే గద మాట వచ్చేది?"

"ఎంత ఆలస్యమైతే?"

"ఏమో. ఎంత జల్ది అయితే అంత మంచిది. తర్వాత ఏమైంది నీ కథల?"

తర్వాత ఏమవుతుందో నాకు తెలియలేదు. కథ మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చాను. నా జీవితంలో మధ్యలో వదిలేసిన కథ అదొక్కటే.

ముందు కాకకు చెప్పాను. కాక కడుపు పట్టుకొని నవ్వాడు. "మొన్నటిదాంక కాజీపేట బండి ఇన్న పోరి ఇయ్యాల చెవిటిదైందా? ఓసి నీ గప్పాలు పాడుగాను! అయినా నిన్నటిదానికన్న గిది మంచిగ కుదిరింది."

నాయనమ్మకు చెప్పాను. వీపు మీద ఒక్కటి పడింది. "నీ నోట్లె మన్ను వడ! గసొంటి మాట అంటరా చెల్లెను?"

అమ్మమ్మ కొట్టలేదు. "తప్పు తల్లీ, అలా అనకూడదు. లెంపలేసుకో" అంది. వేసుకున్నాను. అబద్ధాలకు ఎప్పుడూ వేసుకోని లెంపలు ఒక్కగానొక్క నిజానికి వేసుకున్నాను.

బాపు దగ్గరికి పోదామంటే ధైర్యం చాలలేదు. అమ్మ దగ్గరికి పోతే, ఆమె చెల్లెను ఎత్తుకొని కిటికీ దగ్గర నిలబడి, తలమీద గడ్డం ఆనించి కూనిరాగం తీస్తోంది. నేను నోరు తెరిచాను. మూసుకున్నాను. చెల్లెకు మాట రాకపోతే అది నావల్లే. అందరికీ చెప్పి చెప్పి, ఎవరూ అనుమానపడకుండా కాపలా కాసింది నా గప్పాయే.

ఆదివారం వచ్చింది. భోజనాలైనాక అందరూ నట్టింట్లో ఉన్నారు. బాపు గోడకు ఆనుకొని ఉలి నూరుతున్నాడు. చెల్లె కింద దుప్పటి మీద. పాటల పంచాయితీ మళ్లీ మొదలైంది. నాయనమ్మ తన మాట తాను చెప్పింది. కాక టేపు తెస్తానన్నాడు. అమ్మమ్మ చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"మీరెన్ని చెప్పినా సరే వదినగారూ, పసిపిల్లకి లాలిపాట ముం"

బండి. నిండు గూడ్సు.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అమ్మమ్మ నోరు సున్నాలా తెరుచుకొని ఉంది. కాక స్టూలు మీదికి వంగి ఉన్నాడు. నాకు తెలుసు, ఇప్పుడు నన్ను ఎవరూ తిట్టలేరు. ఒక నిండు గూడ్సు పోయినంతసేపు ఈ ఇంట్లో నాకు ఎవరూ అడ్డం చెప్పలేరు. నేను కూడా ఏమీ చెప్పలేను. అదే నాకు కావలసింది.

దుప్పటి మీద చెల్లె తలెత్తి పట్టాల దిక్కు నవ్వుతోంది. నేను పోయి దాన్ని ఎత్తి తొట్టెల్లో వేశాను. పక్కకు జరిగి వేలు చూపించాను.

నోళ్లు మూతపడితే కళ్లకు పని పడుతుంది. అందరూ చూశారు. ఇల్లు అదిరిపోతోంది. గిన్నెలు ఒకదానికొకటి తగిలి వణుకుతున్నాయి. తాడుకు కట్టిన గజ్జెలు నెమ్మదిగా ఊగుతున్నాయి. తొట్టెల్లో చెల్లె తన రెండు అరచేతులూ మొహం ముందు పెట్టుకొని, ఎవరివో ఏమో అన్నట్టు, తిప్పి తిప్పి చూసుకుంటోంది.

నేను మళ్లీ ఎత్తి కింద వేశాను. తలెత్తింది. నవ్వింది. తొట్టెల్లో వేశాను. నవ్వు పోయింది.

ముందు కదిలింది బాపు. ఉలి పక్కన పెట్టి, వంగి, అరచెయ్యి బండ మీద ఆనించాడు. కార్ఖానాలో చెక్క లోపలి పగులును ఆయన అట్లా చెయ్యి పెట్టే పట్టేవాడట. కాసేపు అట్లాగే ఉంచాడు. లేచి అదే చెయ్యి తొట్టెల బట్ట మీద, చెల్లె వీపు కింద పెట్టాడు. ఆయన మొహం చూసి నేను కళ్లు దించుకున్నాను.

అప్పుడు అమ్మ లేచింది. చెల్లెను తొట్టెల్లోంచి తీసి తనే కింద పడుకోబెట్టింది. నవ్వింది చెల్లె. చేతుల మీద గాల్లోకి ఎత్తింది. నవ్వు ఆగింది. మళ్లీ కింద. మళ్లీ పైకి. డబ్బాలు పోతూనే ఉన్నాయి. ఇన్ని డబ్బాల బండి నేను మళ్లీ చూడలేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

చివరి డబ్బా దాటింది. చప్పుడు సన్నబడి, సన్నబడి, పోయింది. మా కాలనీ మొత్తం ఆపిన మాటలు అందుకొని ఉంటుంది. మా ఇంట్లో ఎవరూ అందుకోలేదు. అమ్మమ్మ ఆ మాట మిగతా సగం ఇక ఎన్నడూ చెప్పలేదు.

"మూడు నెలల నుంచి నాకు అనుమానంగానే ఉంది" అంది అమ్మ, చివరికి. "నేను పిలిస్తే చూడదు. నాదే పిచ్చి అనుకున్నా." నా వైపు తిరిగింది. "నీకెట్ల తెలిసిందే?"

ఎన్నో చెప్పొచ్చు. చెల్లె కలలో వచ్చి చెప్పిందనొచ్చు.

"నేల మీద పొట్ట పెట్టి పండుకుంటే తెలిసింది" అన్నాను.

అమ్మ నన్ను దగ్గరకు తీసుకుంది. నాయనమ్మ పోయి తాడుకున్న గజ్జెలు విప్పడం మొదలుపెట్టింది. ముడి రాలేదు. అమ్మమ్మ వెళ్లి రెండో పక్క పట్టుకుంది.

మర్నాడు ఆస్పత్రి. డాక్టరు చాలాసేపు చూసి, ఒక చెవికి వినికిడి అసలు లేదని, రెండో చెవికి కొద్దిగా ఉందని, కొంచెం పెద్దదయ్యాక చెవికి మిషను పెడితే మాట వస్తుందని చెప్పాడు. "తొందరగా తెచ్చిండ్రు, మంచి పని చేసిండ్రు" అన్నాడు. పాటలు ఆపాలా అని నాయనమ్మ అడిగింది. "ఎందుకు ఆపుతరు? ఒంటికి ఆనిచ్చి పాడుండ్రి" అన్నాడు.

ఆ వారంలోనే బాపు ఒక బల్ల చేశాడు. జానెడు ఎత్తు, కింద గుల్ల, పైన పల్చటి టేకు పలక. వేలితో తడితే బల్లంతా గుమ్మనేది. దాని మీద చెల్లెను వేసి, నాయనమ్మ ఒక చివర కూర్చొని వేళ్లతో తాళం వేస్తూ పాడేది. రెండో చివర అమ్మమ్మ నేల మీద చతికిలబడి, గడ్డం బల్లకు ఆనించి లాలిపాట పాడేది. చెల్లెకు మొదటిసారి పాట ఎదురైన రోజది. కళ్లు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి, ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. ఆ తర్వాత నవ్విన నవ్వుకు ఇద్దరు ముసలివాళ్లూ పాట మర్చిపోయారు. ఎవరి పాటకు నవ్విందనే పంచాయితీ మర్నాటికి మళ్లీ మొదలైందనుకోండి. ఈసారి ఎవరి కళ్లలో నీళ్లు ఎక్కువ వచ్చాయనే సంగతి కూడా అందులో కలిసింది. కాక టేప్ రికార్డర్‌ను బల్ల మీద బోర్లా పెట్టి పాటలు వేసేవాడు. ఎర్ర బుగ్గ కనపడకుండా.

నాకు పాడటం రాదు. నా వంతు వచ్చినప్పుడు చెల్లెను ఒళ్లో కూర్చోబెట్టుకొని కథ చెప్పేదాన్ని. మొదట ఏదో పట్టుకోవాలని నా మెడ పట్టుకుంది. నేను మాట్లాడుతుంటే వేళ్ల కింద ఏదో కదిలింది కాబోలు, అరచెయ్యి మొత్తం గొంతు మీద పరిచింది. అప్పటినుంచి అదే దాని అలవాటు. మా ఇంట్లో రెండు యాసల పాటలు, టేపులో మూడు రకాల పాటలు ఉన్నా, సాయంత్రమైతే అది పాక్కుంటూ నా ఒళ్లోకే వచ్చేది. పాల వాసన వేసే ఆ చిన్న చెయ్యి, చెమటతో తడిగా, నా గొంతు మీద.

ఆ తర్వాత దానికి మిషను వచ్చింది, ఆలస్యంగా మాట వచ్చింది, మాట వచ్చాక నాతో కొట్లాట కూడా వచ్చింది. అయినా కథకు మాత్రం మిషను తీసి పక్కన పెట్టేది. చెయ్యే కావాలి. అబద్ధం దగ్గర నా గొంతు వేరుగా ఆడుతుందట, చెప్పేది. నేను మామూలుగా చెబుతుంటే నిద్రమొహంతో కూర్చునేది. గొంతు అట్లా ఆడగానే కళ్లు మెరిసేవి.

"కార్ఖానాలో ఒక ముసలి ఇంజన్ ఉంది. నిన్న అది ఈనింది" అని చెప్పేదాన్ని. "దూడ ఇంజన్ ఇంతే ఉంది, మన మంచమంత. ఇంకా కూత రాలేదు దానికి. తల్లి పక్కనే నిలబడి, తల్లి కడుపుకు ఆనుకొని నేర్చుకుంటోంది."

నాయనమ్మ లోపలినుంచి "మళ్ల షురూ అయింది" అనేది. కాక చెవులు మూసుకునేవాడు. దీపం వెలిగించే వేళకు వరండాలో బొగ్గు పొగ, సాంబ్రాణి పొగ కలిసిపోయేవి. ఇన్నేళ్లలో నా కథలు విన్నవాళ్లు చాలామంది ఉన్నారు, నమ్మినవాళ్లు కూడా కొందరున్నారు. చెల్లె ఏనాడూ ఒక్క ముక్క నమ్మలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, రెండు వేళ్లతో గొంతు మీద మెల్లగా తట్టేది, చెప్పు, ఆపకు, అని.